తాకితే నొక్కినట్టే: ఫోన్ గాజు మీద పిన్‌బాల్ ఎందుకంత కష్టం

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటర్లో నెట్ పోయినా, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లో సార్ క్లాసుకి ఆలస్యంగా వచ్చినా తెరుచుకునే ఆటలు రెండే, ఒకటి సాలిటైర్, రెండోది పిన్‌బాల్. ఆ 'స్పేస్ కాడెట్' టేబుల్ 1995లో విండోస్ 95 ప్లస్ ప్యాక్‌తో వచ్చి, ఎక్స్‌పీ దాకా ఉండి, విస్టాతో మాయమైంది. ఎడమ ఫ్లిప్పర్‌కి, అంటే బంతిని కొట్టే బద్దకి, జెడ్ కీ, కుడి ఫ్లిప్పర్‌కి స్లాష్ కీ, బంతిని వదలడానికి స్పేస్ బార్. కీబోర్డు ఎంత అరిగినా, అక్షరాలన్నీ చెరిగిపోయినా, వేళ్లు వాటంతటవే ఆ రెండు మూలలకీ వెళ్లి కూర్చునేవి, కళ్లు మాత్రం బంతి మీదే ఉండేవి. ఆ రోజుల్లో గంటలకొద్దీ బంతి పడకుండా ఆడినవాళ్లే ఇప్పుడు మంచి ఫోన్‌లో పిన్‌బాల్ వేసుకుని, రెండు నిమిషాల్లో మూడు బంతులూ పోగొట్టుకుని, ఇదేదో బాలేదని తీసేస్తారు.

వయసు మీద పడి చేతి చురుకు తగ్గిందని సరిపెట్టుకోవచ్చు గానీ అసలు కారణం అది కాదు. కీ మీద వేలికి మూడు స్థితులున్నాయి: కీకి దూరంగా ఉండటం, కీ మీద ఊరికే ఆని ఉండటం, నొక్కి ఉండటం. గాజు మీద ఆ మధ్యది లేదు. ఆనించినా నొక్కినట్టే లెక్క. మనిషి యంత్రాన్ని నడిపే పరికరాల మీద చాలాకాలం పనిచేసిన బిల్ బక్స్‌టన్ 1990లోనే మౌస్, స్టైలస్, టచ్ వంటివాటిని ఇలా స్థితుల లెక్కన విడదీసి చూపించాడు, మౌస్‌కి ఊరికే కదలడం వేరు, నొక్కి లాగడం వేరు, టచ్‌కి ఆ రెండూ ఒకటే అని. మామూలు యాప్‌లకి దీనివల్ల పెద్ద నష్టమేం లేదు, వాట్సాప్‌లో ఎవరూ బటన్ మీద వేలు ఆనించి ఎదురుచూడరు కదా. పిన్‌బాల్ మాత్రం మొత్తం ఆ ఆనించి ఎదురుచూడటం మీదే నడిచే ఆట. టచ్‌స్క్రీన్ పిన్‌బాల్‌లో కనిపించే తలనొప్పుల్లో చాలావాటిని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఈ పోయిన మధ్య స్థితి దగ్గరే తేలతాయి.

అసలు యంత్రం ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి. మన దగ్గర ఇవి మాల్స్‌లో గేమ్ జోన్‌లలో ఎక్కడో ఒకటి తప్ప పెద్దగా కనపడవు, అమెరికాలో మాత్రం ఒకప్పుడు ప్రతి బార్‌లో ఉండేవి. ఆరున్నర డిగ్రీలు వాలిన బల్ల, దాని మీద 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతి, బరువు 80 గ్రాములు. బల్ల కింది చివర రెండు పక్కలా మూడు అంగుళాల బద్దలు, అవే ఫ్లిప్పర్లు. పెట్టెకి అటూ ఇటూ ఉన్న బటన్లు నొక్కితే విద్యుదయస్కాంతం లాగి ఆ బద్దల్ని పైకి విసురుతుంది. కరెంటుతో కదిలే ఫ్లిప్పర్లు మొదట పెట్టింది 1947లో గాట్లీబ్ కంపెనీ చేసిన 'హంప్టీ డంప్టీ' మీద, అందులో ఏకంగా ఆరున్నాయి. మరుసటేడు స్టీవ్ కోర్డెక్ అనే డిజైనర్ జెంకో కంపెనీ కోసం చేసిన 'ట్రిపుల్ యాక్షన్'లో ఖర్చు తగ్గించి రెండే పెట్టాడు, రెండూ కిందనే. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆట రెండు బటన్లదే. అంత సింపుల్ ఆటని ఫోన్‌లోకి తేవడానికి ఏముంది, స్క్రీన్‌ని నిలువునా రెండు ముక్కలు చేసి ఎడమ సగం ఎడమ ఫ్లిప్పర్‌కి, కుడి సగం కుడి ఫ్లిప్పర్‌కి ఇస్తే అయిపోదా అనిపిస్తుంది. చాలా గేమ్‌లు అదే చేస్తాయి, చేయాల్సింది కూడా అదే. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది.

మొదటిది కొలతలు. మామూలు పిన్‌బాల్ బల్ల వెడల్పు 51 సెంటీమీటర్లు, పొడవు 107. అంటే పొడవు వెడల్పుకి రెండింతల పైన చిన్న పిసరు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ స్క్రీన్ పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లే, అందుకే అప్పటి గేమ్‌లలో పక్కన ఖాళీ మిగిలేది, లేకపోతే బంతి వెంట కెమెరా పైకీ కిందికీ పరిగెత్తేది. ఇప్పటి ఫోన్లు సాగి సాగి 20:9 అయ్యాయి, పిన్‌బాల్ బల్లని నిలబెట్టి అచ్చు తీసినట్టు సరిపోతుంది. ఇంత బాగా కలిసొచ్చే కొలత ఇంకే పాత ఆటకీ దొరకలేదేమో. కానీ ఆ సంబరం మీద నీళ్లు చల్లేది సైజు. ఫోన్ వెడల్పు 7 సెంటీమీటర్లనుకుంటే బల్ల ఏడో వంతుకి కుదించుకుపోతుంది, బంతి నాలుగు మిల్లీమీటర్ల లోపు, ఫ్లిప్పర్ ఒక సెంటీమీటరు. బొటనవేలి వెడల్పేమో రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఫ్లిప్పర్ మీదే వేలు పెడితే ఫ్లిప్పరూ, దాని మీద దొర్లే బంతీ, పక్కనున్న గాడీ అన్నీ వేలి కిందే దాక్కుంటాయి.

అందుకే ఫ్లిప్పర్ బొమ్మనే బటన్‌గా చేయడం అనేది చూడటానికి ఎంత సహజంగా ఉన్నా పనికిరాని ఆలోచన. బటన్ ఎక్కడుండాలో బల్ల మీద కాదు, చేతిని చూసి నిర్ణయించాలి. ఫోన్‌ని రెండు చేతులతో నిలువుగా పట్టుకుంటే బొటనవేళ్లు సహజంగా వచ్చి ఆగేది కింది మూడో వంతులో, అంచుల దగ్గర. సరిగ్గా అక్కడే ఫ్లిప్పర్లున్నాయి. చేసేదేమిటంటే బల్లని మొత్తంగా కొంచెం పైకి జరిపి కింద ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఖాళీగా వదలడం. స్కోరు బోర్డు పైన పెట్టి బల్లని కిందికి తోసేసే గేమ్‌లు ఎన్నో, అసలు యంత్రంలో స్కోరు పైనుంటుంది కాబట్టి ఇక్కడా పైనే ఉండాలనుకుంటారు కాబోలు. ఫోన్‌లో స్కోరు కింద ఉన్నా నష్టం లేదు, వేళ్ల కింద పడి కనపడకపోయినా పర్లేదు, బంతి ఆడుతున్నప్పుడు స్కోరు చూసేదెవరు? ఇక ఉచిత గేమ్‌లలో సరిగ్గా ఆ కింద ఖాళీ స్థలంలోనే ప్రకటన పట్టీ పెట్టి, ఫ్లిప్పర్ కొట్టబోయి లోన్ యాప్ తెరిచేలా చేసేవాళ్లున్నారు, దాన్ని డిజైన్ అనకూడదు. పొరపాటున నొక్కుడు పడే చోట ప్రకటనలు పెట్టొద్దని గూగుల్ ప్రకటనల నిబంధనల్లోనే ఉంది, అయినా ఆగలేదు.

అడ్డంగా పట్టుకుంటే చేతికి హాయిగా ఉంటుంది, వేళ్లు బల్లకి దూరంగా రెండు పక్కలా ఖాళీలో ఉంటాయి. కానీ 107 సెంటీమీటర్ల బల్ల 7 సెంటీమీటర్లలో ఇమడాలి, అంటే పదిహేనో వంతు, బంతి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆవగింజతో ఆడినట్టుంటుంది. లేదంటే కెమెరా బంతి వెంట వెళ్లాలి, అప్పుడు పైన కొడుతున్న టార్గెట్ కనపడదు. టాబ్లెట్‌లో ఈ గొడవ చాలా తగ్గుతుంది, ఫోన్‌లో మాత్రం నిలువే దిక్కు.

ఇప్పుడు ఆ పోయిన మధ్య స్థితి సంగతి. వేలు ఆనించే వీల్లేదు కాబట్టి ఆట మొత్తం బొటనవేళ్లు గాల్లో తేలుతూ ఉండాలి. పది నిమిషాలకి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, అది ఒకటి. రెండోది, గాల్లో ఉన్న వేలు గాజు దాకా దిగడానికి కొంత సమయం, ఆ ఎత్తు ప్రతిసారీ ఒకేలా ఉండదు, ఒకసారి మూడు మిల్లీమీటర్లు, ఇంకోసారి పది. అంటే మనసులో 'ఇప్పుడు' అనుకున్న క్షణానికీ స్క్రీన్‌కి తెలిసే క్షణానికీ మధ్య తేడా ప్రతి దెబ్బకీ మారుతూ ఉంటుంది. మూడోది, వేలికి ఆనవాలు లేదు. కీకి అంచు ఉంటుంది, యంత్రం బటన్‌కి గుంట ఉంటుంది, గాజుకి ఏమీ లేదు, కళ్లు బంతి మీద ఉండగా బొటనవేలు తెలియకుండానే మెల్లగా మధ్యకి జారిపోతుంది. అందుకే రెండు ముద్దొచ్చే గుండ్రటి బటన్లు గీసి వాటి మీదే నొక్కమనే గేమ్‌లు సగం సేపు వేలు పక్కన పడి ఓడిస్తాయి. సగం సగం స్క్రీన్ ఇచ్చేస్తే ఆ భయం ఉండదు. లక్ష్యం ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరైతే దాన్ని అందుకోవడం అంత తేలిక అని పాల్ ఫిట్స్ 1954లో చూపించిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. పైనుంచి కిందిదాకా సగం స్క్రీన్ మొత్తం ఫ్లిప్పరే అయితే టాబ్లెట్‌ని మధ్యలో పట్టుకునేవాళ్లకీ, ఫోన్‌ని కింద పట్టుకునేవాళ్లకీ వేరే సెట్టింగ్ అక్కర్లేదు.

సగం స్క్రీన్ ఇచ్చాక కూడా నియమాలు కొన్ని గట్టిగా రాసుకోవాలి. వేలు ఏ సగంలో మొదట దిగిందో ఆ ఫ్లిప్పర్‌దే, ఆ తర్వాత జారి గీత దాటి అటు సగంలోకి వెళ్లినా దాని యజమాని మారకూడదు. ఒక వైపు ఇప్పటికే ఒక వేలు ఉండగా ఇంకోటి దిగితే ఏం చేయాలి? రెండూ లేచేదాకా ఫ్లిప్పర్ పైనే ఉంచాలని చాలామంది రాస్తారు, లెక్క ప్రకారం సరైనదే, కానీ ఫోన్ పట్టుకున్న అరచేయి మూల ఒకటి అంచుకి తగిలి ఉంటే ఆ ఫ్లిప్పర్ ఇక దిగనే దిగదు, ఆడేవాళ్లకి ఏం జరిగిందో కూడా అర్థం కాదు. కొత్తగా దిగిన వేలిదే అధికారం అనుకుని, పాతదాన్ని వదిలినట్టు లెక్కేసి ఫ్లిప్పర్‌ని మళ్లీ కొట్టడమే మేలు. మూడోది, సిస్టమ్ మధ్యలో వచ్చి టచ్‌ని లాగేసుకున్న సందర్భం. ఫోన్ కాల్ వచ్చింది, నోటిఫికేషన్ పరదా దిగింది, మూడు వేళ్లు ఒకేసారి జారితే మన ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో స్క్రీన్‌షాట్ పడుతుంది. అప్పుడు గేమ్‌కి 'వేలు లేచింది' అని కాకుండా 'టచ్ రద్దయింది' అనే వేరే కబురు వస్తుంది. ఆ కబురుని పట్టించుకోని గేమ్‌లో ఫ్లిప్పర్ అలా పైకి లేచి ఇరుక్కుపోతుంది.

అంచుల గొడవ వేరే ఉంది. 2019లో ఆండ్రాయిడ్ 10తో రెండు పక్కల అంచుల నుంచి లోపలికి జరిపితే వెనక్కి వెళ్లే సైగ వచ్చింది. పిన్‌బాల్‌కి బొటనవేళ్లు ఉండేది సరిగ్గా ఆ అంచుల్లోనే. ఈ భాగంలో నీ సైగ వద్దని గేమ్ సిస్టమ్‌ని అడగొచ్చు, కానీ ఒక్కో అంచున 200 డీపీల (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ కొలత) మేరకే ఒప్పుకుంటుంది, అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు. బొటనవేలు ఎక్కడ ఆగుతుందో మొదటి అరనిమిషం ఆటలో కనిపెట్టి, ఆ మూడు సెంటీమీటర్లనీ అక్కడికి జరిపితే చాలావరకు బతికిపోవచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 11 నుంచి, అంచు సైగని మొదటిసారి గేమ్‌కే వదిలి, రెండోసారి జరిపితేనే సిస్టమ్ తీసుకునేలా అడిగే వీలుంది. ఇక అంచులు వంపు తిరిగిన స్క్రీన్లలో అరచేయి తగిలినా పట్టించుకోకుండా ఫోనే కొన్ని టచ్‌లని వదిలేస్తుంది, అందులో అసలు దెబ్బలు కూడా పోతాయి. దానికి గేమ్ చేయగలిగింది తక్కువ.

ఆలస్యం గురించి అందరూ మాట్లాడతారు గానీ లెక్క వేసేవాళ్లు తక్కువ. ఆరున్నర డిగ్రీల వాలు మీద ఉక్కు బంతి మీటరు దూరం నిలకడ నుంచి దొర్లితే, ఘర్షణ వదిలేసి లెక్కేసినా కింద సెకనుకి 1.26 మీటర్ల వేగం అందుకుంటుంది. 60 హెర్ట్జ్ స్క్రీన్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చే స్క్రీన్ మీద ఒక్క ఫ్రేము (ఒక బొమ్మ) అంటే 16.7 మిల్లీసెకన్లు, ఆలోపు బంతి రెండు సెంటీమీటర్లు కదులుతుంది. స్క్రీన్ వేలిని గుర్తించడంలో కొంత, సిస్టమ్ గేమ్‌కి చెప్పడంలో కొంత, గేమ్ లెక్కేసి బొమ్మ గీయడంలో ఇంకొంత, అలా మూడు ఫ్రేములు పోతే 50 మిల్లీసెకన్లు, ఆరు సెంటీమీటర్ల పైనే. ఫ్లిప్పర్ పొడవే ఏడున్నర! ఇది మెల్లగా వచ్చే బంతి సంగతి, ఫ్లిప్పర్ కొట్టి గోడకి తగిలి తిరిగొచ్చే బంతి ఇంతకంటే ఎంతో వేగంగా ఉంటుంది. ఒకప్పుడు బ్రౌజర్లో ఆడే పిన్‌బాల్ అసలు ఎందుకు పనికిరాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది: రెండుసార్లు తట్టి జూమ్ చేస్తారేమోనని మొబైల్ బ్రౌజర్లు ప్రతి తట్టునీ 300 మిల్లీసెకన్లు ఆపి చూసేవి. అంతలో బంతి 38 సెంటీమీటర్లు దాటిపోతుంది, బల్లలో మూడో వంతు కంటే ఎక్కువ.

అయితే ఆలస్యం ఎంత అన్నదానికంటే అది ఒకేలా ఉందా లేదా అన్నది ఎక్కువ ముఖ్యం. నెట్స్‌లో బౌలింగ్ మెషీన్ ఎంత వేగంగా వేసినా బ్యాటర్ పది బంతుల్లో అలవాటు పడతాడు. అదే చేతి కదలికతో ఒకటి వేగంగా, ఒకటి స్లోగా వస్తేనే వికెట్ పోతుంది. ఎప్పుడూ 50 మిల్లీసెకన్లు ఆలస్యమయ్యే గేమ్‌కి చెయ్యి సర్దుకుంటుంది, 20కీ 60కీ మధ్య ఊగే గేమ్‌కి ఎన్నేళ్లాడినా సర్దుకోదు. ఆ ఊగిసలాట ఎక్కువగా వచ్చేది డెవలపర్ బద్ధకం వల్లే: ఫ్రేము మొదట్లో ఒకసారి 'వేలుందా లేదా' అని చూసి ఊరుకుంటారు. ఫ్రేము మొదలైన వెంటనే పడ్డ దెబ్బా, ముగియబోతుండగా పడ్డ దెబ్బా రెండూ ఒకే క్షణంలో పడ్డట్టు లెక్కలోకి వస్తాయి. నిజానికి సిస్టమ్ ప్రతి టచ్‌కీ అది జరిగిన సమయం చీటీ అంటించి మరీ ఇస్తుంది. బంతి లెక్కని బొమ్మతో ముడిపెట్టకుండా చిన్న చిన్న అంగల్లో నడిపి (కంప్యూటర్లో వాడే విజువల్ పిన్‌బాల్ అనే సాఫ్ట్‌వేర్ మిల్లీసెకనుకో అంగ వేస్తుంది), ఆ చీటీ చూసి దెబ్బని దాని సరైన అంగలో పెడితే, బొమ్మ కాస్త ఆలస్యంగా కనపడినా షాట్ మాత్రం వేలు అనుకున్న చోటికే పోతుంది. ఫ్లిప్పర్ మీద బంతి ఎక్కడ ఉండగా కొట్టామన్నదే షాట్ దిశ, సెంటీమీటరు తేడా వస్తే ర్యాంపు ఎక్కాల్సింది గోడకి కొట్టుకుంటుంది, కాబట్టి ఇది ఏదో నునుపు కోసం చేసే పని కాదు. లెక్కనీ బొమ్మనీ విడదీయకపోతే ఏమవుతుందో స్పేస్ కాడెట్టే చూపించింది, కంప్యూటర్లు వేగం పెరిగేకొద్దీ అది సెకనుకి వేల ఫ్రేములు గీస్తూ ప్రాసెసర్ మొత్తం తినేస్తుంటే మైక్రోసాఫ్ట్‌లో రేమండ్ చెన్ దాన్ని 100 ఫ్రేములకి కట్టేశాడు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ చాలా గేమ్‌లు ఇక్కడే పడిపోతాయి. మామూలు యాప్ బటన్ వేలు దిగినప్పుడు కాదు, లేచినప్పుడు పనిచేస్తుంది, పొరపాటున నొక్కితే వేలు పక్కకి జరిపి తప్పించుకోవడానికి. గేమ్ ఇంజిన్లో రెడీమేడ్‌గా దొరికే బటన్ తెచ్చి ఫ్లిప్పర్‌కి తగిలిస్తే ఆ అలవాటు కూడా వెంట వస్తుంది. ఫ్లిప్పర్ వేలు దిగిన క్షణానే లేవాలి, వేలు లేచిన క్షణానే దిగాలి.

ఆ లేవడం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కొత్తగా ఆడేవాళ్లు నొక్కడం గురించే ఆలోచిస్తారు, బాగా ఆడేవాళ్లకి సగం ఆట వదలడంలోనే ఉంది. ఫ్లిప్పర్ ఎత్తి పట్టుకుంటే బంతి వచ్చి దాని మొదట్లో ఒడిలో పిల్లాడిలా కూర్చుంటుంది, అప్పుడు తీరిగ్గా చూసుకుని కొట్టొచ్చు. దూసుకొచ్చే బంతిని ఎత్తిన ఫ్లిప్పర్ మీదికి రానిచ్చి, తగిలే క్షణానికి వదిలేస్తే దాని ఊపు చచ్చి అక్కడే ఆగిపోతుంది. క్యాచ్ పట్టేటప్పుడు ఫీల్డర్ చేతులు వెనక్కి తీసుకున్నట్టే ఇది. అలాగే బటన్‌ని అరక్షణం తట్టి వదిలితే ఫ్లిప్పర్ సగమే లేచి బంతిని మెల్లగా పక్క ఫ్లిప్పర్‌కి అందిస్తుంది. ఇవన్నీ ఫోన్‌లో కుదరాలంటే ఫ్లిప్పర్‌ని పైన, కింద అనే రెండు బొమ్మలుగా కాకుండా, వేలు ఎంతసేపు ఉందో దాన్ని బట్టి నడిచే బరువున్న వస్తువులా లెక్కించాలి. తట్టి వదిలినా పూర్తిగా లేచి దిగే ఫ్లిప్పర్ ఉన్న గేమ్‌లో ఎంత సాధన చేసినా ఒక స్థాయి దాటి నైపుణ్యం పెరగదు.

బంతిని బల్ల మీదికి తోసే స్ప్రింగు కడ్డీ, అంటే ప్లంజర్ దగ్గర మాత్రం గాజుకి ఒక అవకాశం దొరికింది. 1942 నుంచి న్యూయార్క్ నగరంలో పిన్‌బాల్ మీద నిషేధం ఉండేది, అది జూదం అని. 1976లో రోజర్ షార్ప్ అనే పిన్‌బాల్ ఆటగాడు నగర సభ ముందు యంత్రం ఆడి చూపించి, చివరికి ప్లంజర్ లాగి బంతి మధ్య గాడిలోంచి వెళ్తుందని ముందే చెప్పి, అలాగే పంపించాడు. నిషేధం పోయింది. అంటే ఈ ఆటలో నైపుణ్యం ఉందని నిరూపించింది ఫ్లిప్పర్ కంటే ఎక్కువగా ప్లంజరే. ఎంత లాగామో అన్నది మెల్లమెల్లగా మారే కొలత, దాన్ని వేలితో కిందికి లాగడంగా పెట్టడం గాజుకి బాగా నప్పుతుంది, స్పేస్ బార్ నొక్కి పట్టుకుని లెక్కపెట్టుకోవడం కంటే చాలా మేలు. స్ప్రింగుని ఎంత లాగితే బంతికి అంత వేగం, రెట్టింపు లాగితే రెట్టింపు, కాబట్టి లెక్క కూడా నేరుగానే ఉంటుంది. అడ్డంకులు రెండు. కిందికి లాగే వేలు స్క్రీన్ కింది అంచు దాకా పోతే హోమ్ సైగతో గొడవ, అందుకే లాగుడు స్క్రీన్ మధ్యలో ఎక్కడ మొదలుపెట్టినా ఒప్పుకోవాలి. రెండోది, వేలు గాజు మీంచి లేచేటప్పుడు దాని కొస దొర్లి చివరి క్షణంలో కొలత కొంచెం జరుగుతుంది, సరిగ్గా గురి చూసి వదిలినా అటో ఇటో పోతుంది. వదిలిన క్షణపు కొలత కాకుండా దానికి కొన్ని మిల్లీసెకన్ల ముందున్న కొలత తీసుకుంటే ఇది పోతుంది. బంతి ప్లంజర్ గాడిలో ఉన్నంతసేపే కుడి సగం ప్లంజర్, బయటికి వచ్చాక ఫ్లిప్పర్, ఈ మార్పు ఎక్కడా బటన్ పెట్టకుండానే జరిగిపోవాలి.

యంత్రాన్ని నెట్టడం, అంటే నడ్జ్, లేకుండా పిన్‌బాల్ సగం ఆటే. బంతి పక్క గాడిలోకి జారుతుంటే పెట్టెని చిన్నగా కుదిపి తప్పిస్తారు, మరీ ఎక్కువ కుదిపితే లోపల వేలాడే గుండు చుట్టూ ఉన్న రింగుకి తగిలి 'టిల్ట్' అని ఆట ఆగిపోతుంది, ఆ ఏర్పాటుకి ఆద్యుడు పిన్‌బాల్ డిజైనర్ హ్యారీ విలియమ్స్, 1930ల నాటి సంగతి. ఫోన్‌లో దీనికి రెండు దారులు. ఒకటి ఫోన్‌నే కుదపడం, లోపలి సెన్సర్ పట్టుకుంటుంది. వినడానికి అసలైనదానిలా ఉంటుంది గానీ యంత్రం 100 కిలోల పైన ఉండి కదలీ కదలనట్టు కదులుతుంది, ఫోన్ కుదిపితే స్క్రీన్ మొత్తం కళ్ల ముందు ఊగిపోతుంది, పైగా ఆర్టీసీ బస్సులో ఆడితే ప్రతి గుంటకీ టిల్ట్ పడుతుంది. రెండోది వేలితో పక్కకి జరపడం. అది ఫ్లిప్పర్ దెబ్బా, జరుపుడా అని తేల్చుకోవాలంటే గేమ్ కాసేపు ఆగి చూడాలి, ఆగితే ఆలస్యం, మళ్లీ మొదటికే వస్తుంది.

దీనికి మంచి జవాబు అసలు యంత్రం ఆడేవాళ్ల చేతుల్లోనే ఉంది. బంతి రెండు ఫ్లిప్పర్ల మధ్యలోంచి పడిపోబోతుంటే వాళ్లు బటన్‌ని నొక్కరు, పక్క నుంచి చరుస్తారు, ఒకే దెబ్బకి ఫ్లిప్పరూ లేస్తుంది, పెట్టే కదులుతుంది. అంటే నడ్జ్, ఫ్లిప్పర్ రెండూ ఒకేసారి జరగడం తప్పు కాదు, మామూలే. కాబట్టి ఏదో తేల్చుకోవడానికి ఆగాల్సిన పనే లేదు: వేలు దిగగానే ఫ్లిప్పర్ లేపేయాలి, ఆ తర్వాత అదే వేలు విసురుగా పక్కకి జరిగితే నడ్జ్ కూడా కలపాలి. ఫ్లిప్పర్ లేవకుండా నడ్జ్ మాత్రమే కావాలన్నవాళ్లకి స్క్రీన్ పై మూడో వంతుని ఇవ్వొచ్చు.

చేతికి పోయిన స్పర్శని కొంతవరకు చెవికీ, కంపనానికీ అప్పగించొచ్చు. 2016లో ఐఓఎస్ 10 నుంచి ఐఫోన్‌లో చిన్న, తెగినట్టుండే కంపనాలు డెవలపర్ల చేతికొచ్చాయి, 2019లో వాటిని ఇంకా నాజూగ్గా మలిచే వీలొచ్చింది. తక్కువ ధర ఫోన్లలో బరువు కట్టిన చిన్న మోటారు తిరిగితే వచ్చే కంపనం మొదలవడానికే సమయం పడుతుంది, ఆగడానికి ఇంకొంచెం, అది ఫ్లిప్పర్ 'టక్'మన్నట్టు ఉండదు, పక్కింట్లో మిక్సీ వేసినట్టుంటుంది. అలాంటి ఫోన్లలో ఆపేసి ఉంచడమే నయం. శబ్దానికి వస్తే, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఫ్లిప్పర్ చప్పుడు కంటికి కనిపించిన చాలాసేపటికి చెవిన పడి, ఏ ఆలస్యమూ లేని గేమ్ కూడా మొద్దుగా అనిపిస్తుంది. పాటలకి, వీడియోలకి ఇది తెలియదు, ఇక్కడ తెలుస్తుంది.

ఆ పోయిన మధ్య స్థితి ఒకసారి తిరిగొచ్చింది కూడా. 2015లో ఐఫోన్ 6ఎస్‌తో వచ్చిన 3డీ టచ్ వేలు ఎంత బలంగా నొక్కుతోందో కొలిచేది, అంటే ఆనించడం వేరు, నొక్కడం వేరు అని గాజుకి తెలిసింది. పైన ఇంకో ఫ్లిప్పర్ ఉన్న యంత్రాల్లో బటన్ సగం నొక్కితే కిందిది, పూర్తిగా నొక్కితే పైది కూడా లేచే ఏర్పాటు కొన్నిటికి ఉంటుంది, దానికి కూడా ఇది సరిగ్గా సరిపోయేది. కానీ అన్ని ఫోన్లలో లేని సదుపాయం మీద ఎవరు ఆట కడతారు? 2019లో ఐఫోన్ 11 వచ్చేసరికి ఆపిలే దాన్ని తీసేసింది. పక్కనున్న వాల్యూమ్ బటన్లు వాడుకుందామా అంటే చాలా ఫోన్లలో రెండూ ఒకే వైపు ఉంటాయి, పైగా ఆపిల్ ఒకప్పుడు ఎంత పట్టుగా ఉండేదంటే 2010లో కెమెరా ప్లస్ అనే యాప్ వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీసే కిటుకు దాచి పెట్టిందని స్టోర్ నుంచే తీసేసి, మరుసటేడు అదే కిటుకుని తన కెమెరాలో తనే పెట్టుకుంది.

ఇన్ని తిప్పలు పడి పాత బల్లని గాజు మీదికి తేవడం ఒక దారైతే, గాజుకి తగ్గ బల్ల గీసుకోవడం ఇంకో దారి. 2016లో వచ్చిన 'ఇంక్స్' చిన్న చిన్న బల్లలతో, బంతి తగిలిన చోటల్లా రంగు చిమ్మేలా ఉంటుంది, ఆ ఏడు ఆపిల్ డిజైన్ అవార్డు తెచ్చుకుంది. అదే ఏడాది వచ్చిన 'పిన్ఔట్' బల్లని కిందినుంచి పైకి పొడుగ్గా సాగదీసి, బంతులు పోవడం బదులు గడియారం నడిపిస్తుంది, కిందికి జారితే ఓడిపోవడం కాదు, సమయం పోవడం. తప్పు చేసినా వెంటనే ఆట పోదు కాబట్టి వేలు జారినా కోపం రాదు. పాత యంత్రాల అభిమానులు వీటిని పిన్‌బాల్ అని ఒప్పుకోరు గానీ బస్సులో నిలబడి ఆడటానికి ఇవే బాగుంటాయి.

అసలు యంత్రాలని అచ్చంగా దింపిన గేమ్ ఏదైనా డౌన్‌లోడ్ చేస్తే దాని టచ్ సంగతి తేల్చడానికి స్కోరు చూడక్కర్లేదు. బంతిని ఒక ఫ్లిప్పర్ ఒడిలో కూర్చోబెట్టి, వేలు తీయకుండా స్క్రీన్ మధ్య గీత దాటేదాకా జరపాలి, బంతి కదలకూడదు. అలా పట్టుకునే ఉండి అదే వైపు ఇంకో వేలితో తట్టాలి, ఫ్లిప్పర్ మళ్లీ కొట్టాలి. నోటిఫికేషన్ పరదా దించి మళ్లీ పైకి తోయాలి, ఫ్లిప్పర్ ఇరుక్కోకూడదు. చివరగా అరక్షణం తట్టి వదిలితే ఫ్లిప్పర్ సగమే లేవాలి. నాలుగింట్లో రెండు తప్పితే అన్‌ఇన్‌స్టాల్ చేసేయొచ్చు, టేబుల్ బొమ్మలు ఎంత బాగున్నా సరే.